మాస్టారి చెలమ స్టేషన్

మా మాస్టారు పోయారు. డెబ్భై తొమ్మిదేళ్ళు. రాత్రి మజ్జిగన్నం తిని పడుకున్నారు, పొద్దున లేవలేదు. పెద్ద కర్మ అయ్యాక రాద్దామని ఆగాను. రాయడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

సికింద్రాబాదు చుట్టుపక్కల మోడల్ రైళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళం మహా అయితే పదిహేను మందిమి. బ్యాంకు ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఒక పళ్ళ డాక్టరు, ఇద్దరు ఇంజినీరింగ్ కుర్రాళ్ళు. రైళ్ళంటే ప్రాణమే కానీ టికెట్ కొని ఎక్కడం తప్ప రైల్వేతో మాకెవరికీ వేరే సంబంధం లేదు. ఆయన ఒక్కరే అందులో పనిచేసి వచ్చినవారు. స్టేషన్ మాస్టర్‌గా రిటైరయ్యారు కాబట్టి అందరికీ మాస్టారే అయ్యారు.

మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నా దగ్గరున్నదంతా బయటికి తీసి చూపించాను. పెద్ద ప్లైవుడ్ మీద గుండ్రంగా తిరిగే పట్టాలు, మూడు ఇంజన్లు, ఒకటి హారన్ కూడా కొడుతుంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత, "యాడికి పోతాంది అప్పా ఈ బండి?" అన్నారు. వెక్కిరింత కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు. ఎక్కడికీ పోవట్లేదని చెప్పడానికి నోరు రాలేదు. టీ తాగి, ఆదివారం మా ఇంటికి రండి అని మల్కాజిగిరి అడ్రస్ చెప్పి వెళ్ళిపోయారు.

ఈ సరదా తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మేం ఎక్కువగా చేసేది హెచ్‌ఓ స్కేల్, అంటే అసలు సైజులో 87వ వంతు. ఆ లెక్కన 21 మీటర్లు దాటిన ఐసీఎఫ్ (చెన్నై ఫ్యాక్టరీ) రైలు పెట్టె జానెడు పైచిలుకు, 24న్నర సెంటీమీటర్లు అవుతుంది. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. యూరప్, అమెరికాల స్టాండర్డ్ గేజ్‌కి అది సరిపోతుంది. మన బ్రాడ్ గేజ్ అంతకన్నా వెడల్పు, 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 దాకా రావాలి. కొన్న పట్టాల మీద మన ఇంజన్ పెడితే దాదాపు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే ఇంజన్ కాళ్ళు దగ్గరపెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. పట్టాలు చేత్తో వేసుకోవాలని కొందరు, అంత చాదస్తం అక్కర్లేదని కొందరు. ఈ గొడవలో ఒక దసరా సెలవుల్లో ఇద్దరు మిత్రులు మాట్లాడుకోవడమే మానేశారు.

మాస్టారు ఆ గొడవలోకి రాలేదు. ఆయనది మీటర్ గేజ్. 1000ని 87తో భాగిస్తే 11.5 మిల్లీమీటర్లు, విదేశాల్లో 12 మిల్లీమీటర్ల పట్టాలు తయారుగా దొరుకుతాయి. "మీది మూడు మిల్లీమీటర్ల అబద్ధం, నాది అర మిల్లీమీటరు" అనేవారు. బ్రాడ్ గేజ్ వాళ్ళం అందరం నోరు మూసుకునేవాళ్ళం.

ఆయనది నంద్యాల. గుంటూరు–గుంతకల్లు లైను మీటర్ గేజ్‌గా ఉన్న రోజుల్లో ఉద్యోగంలో చేరారు. నంద్యాల నుంచి గాజులపల్లి దాటితే నల్లమల మొదలవుతుంది. బొగడ సొరంగం, లోయ మీద దొరబావి వంతెన, చెలమ, దిగువమెట్ట, అడవి దిగాక గిద్దలూరు. ఆ అడవి స్టేషన్లలో పనిచేసిన కాలం ఆయన మనసులోంచి పోలేదు. 90ల్లో ఆ లైను బ్రాడ్ గేజ్ అయింది, పాత వంతెన మీద బళ్ళు తిరగడం ఆగిపోయింది. అప్పటికి ఆయనకి వేరే డివిజన్‌కి బదిలీ అయిపోయింది. రిటైరయ్యాక మల్కాజిగిరిలో ఇల్లు కట్టుకుని, పైన ఒక గది వేసి, అందులో చెలమ స్టేషన్ కట్టడం మొదలుపెట్టారు. అంటే 80ల నాటి చెలమ.

ఆ గదిని ఎలా చెప్పాలో తెలియడం లేదు. నాలుగు బోర్డులు, గోడ వెంట ఎల్ ఆకారంలో. అడవిలో నేలంతా వాడేసిన టీ పొడి, ఎండబెట్టి జల్లెడ పట్టింది. చెట్లు బీరకాయ పీచుతో చేసినవి. వడ్రంగి దగ్గర తెచ్చిన రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు పట్టించి ఆ పీచు మీద చల్లారు. వెదురు పొదలు కొబ్బరి ఈనెలు. కంకర మాత్రం నిజం రాయే, దంచి టీ వడపోతలో జల్లించినది. ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క వేసి, ఇంకు ఫిల్లర్‌తో పట్టాల మధ్య బొట్టు బొట్టుగా వదిలేవారు. సబ్బు చుక్క లేకపోతే ఫెవికాల్ నీళ్ళు కంకరలోకి దిగవు, పైనే ముత్యాల్లా నిలుస్తాయి. ఇది నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. స్టేషన్ గోడలు శుభలేఖల అట్టలు. పెళ్ళికి పిలవడానికి ఎవరొచ్చినా ముందు కార్డు మందం వేలితో చూసేవారు. పెట్టెల కిటికీ అద్దాలు పాత ఎక్స్‌రే ఫిల్ములు, రసాయనం కడిగేసి కోసినవి. అమ్మగారి (మాస్టారి భార్య) మోకాలి ఎక్స్‌రే మొత్తం ఫస్ట్ క్లాస్ పెట్టెకి పోయింది. ఆవిడ ఇప్పటికీ ఆ పెట్టెని "నా మోకాలు" అనే అంటారు.

దీపాల గది వెనకాల ఒక ఎలుగుబంటి ఉండేది, గోరంత. రాత్రి డ్యూటీలో లాంతరు పట్టుకుని బయటికొస్తే ఎలుగుబంటి ఎదురొచ్చిన కథ ఆయన మాకు ఎన్నిసార్లు చెప్పారో. చెప్పిన ప్రతిసారీ అది ఇంకాస్త దగ్గరికి వచ్చేది. మొదట్లో సిగ్నల్ స్తంభం దగ్గర ఉన్నది, చివరికి టికెట్ కిటికీ దాకా వచ్చేసింది. మాలో ఒక కుర్రాడు కథకి తగ్గట్టు బొమ్మని కూడా ఎప్పటికప్పుడు ముందుకి జరిపేవాడు. ఆయన చూసి ఏమీ అనేవారు కాదు. మర్నాటికి అది మళ్ళీ దీపాల గది వెనక్కి పోయేది.

ఇంజన్ సంగతి వేరే చెప్పాలి. మీటర్ గేజ్ డీజిల్ వైడీఎం-4 బొమ్మ ఆయనకి కావలసినట్టు ఎక్కడా దొరకలేదు. స్విట్జర్లాండ్‌లో రేషియన్ రైల్వే అని మీటర్ గేజ్ లైను ఒకటి ఉంది, ఆ బళ్ళ నమూనాలు జర్మనీలో బేమో కంపెనీ చేస్తుంది. జర్మనీలో ఉన్న కూతురు సెలవులకి వచ్చినప్పుడు అలాంటి చాసిస్ ఒకటి తెచ్చింది. ఆ డబ్బుతో మంచి ఫోన్ వచ్చేదని అల్లుడు ఇప్పటికీ అంటాడట. దాని మీద ఆయన ప్లాస్టిక్ షీటు కోసి వైడీఎం-4 ఒళ్ళు కట్టారు. పైన గుంతకల్లు, కింద స్విట్జర్లాండ్. చిక్కేమిటంటే అసలు ఇంజన్‌కి బోగీకి, అంటే కిందుండే ఒక్కో చక్రాల చట్రానికి, మూడు ఇరుసులు, చాసిస్‌కి రెండే. మధ్యలో మూడోది ఆయన పెట్టిన ఉత్త చక్రాలు, పట్టాలకి తగిలీ తగలనట్టు వేలాడుతూ ఉండేవి. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా, వాళ్ళు అడగకముందే, "నడిమి చక్రాలు అబద్ధం" అని ముందే చెప్పేసేవారు.

ఇవన్నీ చేసేవాళ్ళు మాలో ఇంకా ఉన్నారు. చేతిపనిలో ఆయన్ని మించినవాళ్ళు ఇద్దరున్నారని నిజం చెప్పుకోవాలి. ఆయన స్టేషన్ గడియారం కాస్త వంకర, కొండ రంగు బాగా లేదు. మేం ఆయన దగ్గరికి పోయింది బండి నడపడానికి. ఆ గదిలో బండి నడపాలంటే లైన్ క్లియర్ కావాలి, అంటే లైను ఖాళీగా ఉంది, బండి పంపు అని అవతలి స్టేషన్ ఒప్పుకోవాలి.

సింగిల్ లైన్లో రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండాలి. దానికి రుజువుగా డ్రైవర్ చేతికి టోకెన్ ఇస్తారు. ఆ రోజుల్లో అది ఇనుప బంతి. రెండు స్టేషన్లలోనూ టోకెన్ పెట్టెలుంటాయి, అవతలి స్టేషన్ ఒప్పుకుని మీట నొక్కితేనే ఇవతల బంతి బయటికొస్తుంది. ఒకటి బయటుంటే రెండోది రాదు. మాస్టారు రాణిగంజ్‌లో బేరింగ్ బంతులు కొని, కరెంటు పైపు ముక్కలతో, పాత వాషింగ్ మెషీన్లోంచి తీసిన కాయిల్‌తో రెండు పెట్టెలు తయారుచేశారు. విడి సామాన్లకి కోఠీ గుజరాతీ గల్లీ అంతా తిరిగారు. బండి వేగం మార్చే కంట్రోలర్ పక్కన చిన్న ఇత్తడి గిన్నె ఉండేది, మధ్యకి రెండు సగాలుగా చీల్చింది. బంతిని అందులో వేస్తే రెండు సగాలూ కలిసి ఆ సెక్షన్ పట్టాలకి కరెంటు వచ్చేది. బంతి లేకపోతే ఎంత తిప్పినా ఇంజన్ కదలదు. ఆ బంతి గిన్నెలో పడ్డప్పుడు టంగుమని ఒక చప్పుడు, వెంటనే ఇంజన్ లైట్ వెలుగుతుంది. పిల్లలు ఆ చప్పుడు కోసమే వచ్చేవాళ్ళు. పిల్లలేమిటి, మేమూ అంతే.

అవతలి స్టేషన్‌తో మాట్లాడటానికి కాలింగ్ బెల్. ఒక్కసారి కొడితే పిలుపు. రెండుసార్లు కొడితే లైన్ క్లియర్ ఇస్తావా అని. మూడు కొడితే బండి సెక్షన్‌లోకి బయల్దేరిందని, నాలుగు కొడితే దాటి వచ్చేసిందని. ఆరు కొడితే ప్రమాదం, ఉన్నచోట ఆపెయ్. ఇది రైల్వే కోడే, ఆయన కల్పించింది కాదు. పైగా ప్రైవేట్ నంబర్లు. స్టేషన్ మాస్టర్లు ఫోన్లో ఒకరికొకరు మాట ఇచ్చుకునేటప్పుడు రుజువుగా తమ షీట్లోంచి ఒక రెండంకెల నంబరు చెప్పి, వెంటనే దాన్ని కొట్టేసుకుంటారు. అడుగు దూరంలో కూర్చున్న పళ్ళ డాక్టరుగారికి మాస్టారు చేత్తో రాసిన షీట్లోంచి "నలభై ఏడు" అని చెప్పేవారు. ఆయన రిజిస్టర్లో రాసుకోవాలి, టైముతో సహా. రాయకపోతే బంతి రాదు.

ఇంకో పేచీ గడియారం. విదేశాల్లో చాలామంది మోడలర్లు గడియారాన్ని వేగంగా తిప్పుతారు, కొన్ని గంటల్లోనే ఒక రోజు బళ్ళన్నీ నడిచిపోతాయి. మాస్టారు ఒప్పుకోలేదు. గూడ్సు లూప్‌లో, అంటే స్టేషన్లో పక్క లైన్లో, పడి ఎదురుబండి కోసం ఇరవై నిమిషాలు ఆగాలంటే నిజంగా ఇరవై నిమిషాలు ఆగాల్సిందే. మొదట్లో అందరం సణిగాం. ఆదివారం మధ్యాహ్నం ఒక గూడ్సు బండిని చూస్తూ ఖాళీగా కూర్చోవడమేమిటని ఒకాయన రావడం మానేశాడు కూడా. మిగిలినవాళ్ళకి ఆ క్రాసింగ్‌లే అలవాటైపోయాయి. అమ్మగారు పైకి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పంపించేది అప్పుడే. ఎవరి ఉద్యోగం ఊడిందో, ఎవరి అబ్బాయికి సీటు వచ్చిందో, ఎవరి ఇంట్లో ఏం గొడవో మాకు తెలిసింది ఆ ఎదురుచూపుల్లోనే. నాన్నగారి ఆపరేషన్ గురించి నేను నోరు విప్పి టెన్షన్ చెప్పుకున్నది గిద్దలూరు ప్యాసింజర్ కోసం ఆగినప్పుడే. మాస్టారు విని, ఏదో ధైర్యం చెప్పబోయి, గంట మోగితే లేచి వెళ్ళి సిగ్నల్ ఇచ్చి వచ్చి, "ఊ, చెప్పు" అన్నారు.

ఒకసారి అందరం కలిసి పూణె వెళ్ళాం, కొత్రుడ్‌లో జోషీగారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూడటానికి. భావుసాహెబ్ జోషీగారు జీవితమంతా పెట్టి చేసిన ఊరది, 1998 నుంచి జనానికి తెరిచారు. పగలు, రాత్రి, లైట్లు, వెంట వెంటనే పోయే రైళ్ళు. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. మాస్టారు సిగ్నళ్ళ వైపు తప్ప ఇంకెటూ చూడలేదు. ఆట అయిపోయాక మళ్ళీ టికెట్ కొని లోపలికెళ్ళారు, ఈసారి మొదటిసారి వదిలేసిన సిగ్నళ్ళు చూడటానికట. హాంబర్గ్‌లో 2001లో మొదలైన మినియేచర్ వండర్‌లాండ్ వీడియోలు మనవరాలు ఫోన్లో చూపిస్తే, "శానా బాగుంది, ఒక్క బండీ లేటు లేదు. రైల్వే అనిపించలేదు" అన్నారు.

ఆయన పోయినరోజు మధ్యాహ్నానికల్లా మా గుంపంతా మల్కాజిగిరిలోనే ఉంది. బంధువులకి మేమెవరో అర్థం కాలేదు. "పైగది వాళ్ళు" అని అమ్మగారు చెప్పారు. మాలో ఒకాయన ఉత్సాహంగా ఫ్లెక్సీ చేయిస్తానన్నాడు, రైలు గమ్యం చేరింది లాంటి మాటేదో వేసి. అమ్మగారు ఏడుస్తూనే, "అట్లాంటివి ఆయనకి నచ్చవు నాయనా. బండి చేరితే రిజిస్టర్లో టైము రాయల్ల, బ్యానర్లు గాదు" అన్నారు. ఫ్లెక్సీ మాట అంతటితో పోయింది.

కొన్నాళ్ళకి పైగది తెరిచి రిజిస్టర్ చూశాం. అన్ని ఆదివారాల బళ్ళూ ఉన్నాయి. వచ్చిన టైము, పోయిన టైము, నంబరు, సంతకం. రిమార్కుల కాలమ్‌లో ఒకచోట: "గూడ్సు 12 నిమిషాలు లేటు. కారణం: సొరంగంలో పిల్లి. పిల్లి క్షేమం." అది చదివి అందరం ఒకేసారి నవ్వాం. తర్వాత పళ్ళ డాక్టరుగారు బయటికి వెళ్ళి చాలాసేపు మేడ మీద నిలబడ్డారు.

మోడల్ రైల్వే మనుషుల్లో ఒక భయం ఉంటుంది, మనం పోయాక ఇదంతా ఏమవుతుందని. కాలిఫోర్నియాలో జాన్ అలెన్ అనే ఆయన కట్టిన మోడల్ రైల్వే లేఔట్ ఈ సరదాలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. 1973 జనవరిలో ఆయన పోయారు, కొద్ది రోజులకే ఆ లేఔట్ మంటల్లో కాలిపోయింది. అంత పెద్ద కథ కాకపోయినా, రంపంతో కోసి చెత్తలో పడేసినవి నాకు తెలిసే రెండున్నాయి. ఇంట్లోవాళ్ళని అనడానికి లేదు. గది కావాలి, వాళ్ళకి అదేమిటో తెలియదు, ఎవర్ని అడగాలో తెలియదు.

మాస్టారికి బదిలీలు అలవాటు. నాలుగు బోర్డులూ బోల్టులతో బిగించారు, వైర్లు ఎక్కడికక్కడ ప్లగ్గులతో విడిపోతాయి. రెండు స్పానర్లతో స్టేషన్ ఊడి వచ్చేస్తుంది. ఇంకో అలవాటు డ్యూటీ దిగేటప్పుడు తర్వాతవాళ్ళకి చార్జ్ నోట్ రాయడం. ప్రతి ఆదివారం సాయంత్రం, మర్నాడు ఎవరూ రారని తెలిసినా రాసేవారు. ఆఖరి ఆదివారంది ఇలా ఉంది (పాయింటు అంటే బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మారే చోటు): "3వ పాయింటు బిగుసుకుంటోంది. నూనె పొయ్యకూడదు, పెన్సిల్ ములుకు పొడి రాయాలి. 2వ బోర్డు కింద తెల్ల వైరు లూజు. టోకెన్ గిన్నె చిలుము పట్టింది, గరుకు కాగితం పెట్టాలి. మిగతా అన్నీ సరిగా ఉన్నవి." చార్జ్ తీసుకున్నవాళ్ళ సంతకం చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎవరు పెట్టాలో మాలో మేం తేల్చుకోలేక, ఆ పూటకి ఊరుకున్నాం.

అమ్మగారు బోర్డులు తీసుకెళ్ళమన్నారు. ఫస్ట్ క్లాస్ పెట్టె మాత్రం ఇవ్వలేదు. ఎలుగుబంటిని మనవరాలు జర్మనీకి పట్టుకెళ్ళింది. మిగతాదంతా తార్నాకలో ఒక మిత్రుడి మేడగదికి చేరింది. అక్కడ గోడ కాస్త పొట్టి, అందుకని ఎల్ ఆకారం అటుది ఇటు అయింది. గిద్దలూరు ఇప్పుడు కిటికీ వైపు, గాజులపల్లి బాత్‌రూమ్ వైపు. నోట్లో రాసినట్టే పెన్సిల్ పొడి వేశాం, పాయింటు మెత్తబడింది. గిన్నెకి గరుకు కాగితం పెట్టాం. మాస్టారి వీధిలో ఏడో తరగతి చదివే పాప ఒకతె ఉండేది, ఆయన దగ్గర అందరికన్నా బాగా లైన్ క్లియర్ నేర్చుకున్నది. వాళ్ళ నాన్న ఆదివారాలు స్కూటర్ మీద తార్నాకకి తీసుకొస్తున్నాడు. చెలమ ఆవిడ చేతిలో ఉంది. నంబరు చెప్పకపోతే మాకెవరికీ బంతి ఇవ్వడం లేదు. బతిమాలినా సరే.

మొదటి ఆదివారమే వైడీఎం-4 వంతెన దాటుతూ పట్టాలు తప్పింది. పాప బెల్ ఆరుసార్లు కొట్టింది, ఎక్కడివి అక్కడ ఆగిపోయాయి. బోర్డుల జాయింటు వెంట్రుకవాసి ఎత్తుగా ఉందని ఒకరు, నడిమి అబద్ధపు చక్రాలు తగులుకున్నాయని ఇంకొకరు, కంట్రోలర్ మీద ఉన్న పళ్ళ డాక్టరుగారు ఘాట్‌లో స్పీడు పెంచారని మిగతా అందరూ. గూడ్సు లూప్‌లో ఉండిపోయింది, బజ్జీలు చల్లారిపోయాయి, ఎవరూ తగ్గలేదు. చివరికి పాప రిజిస్టర్ ముందుకి లాక్కుని టైము వేసి, రిమార్కుల్లో "కారణం: విచారణలో ఉంది" అని రాసింది. విచారణ ఇంకా సాగుతోంది. డాక్టరుగారు ఒప్పుకోవడం లేదు.